కన్నీటి ఉప్పు

మిట్టమధ్యాహ్నం పన్నెండు కావడానికి ఇంకా అరగంట ఉంది...!

రెండువేల ఐదో సంవత్సరం, మే నెల, ఆదివారం. అమావాస్య!

భయపడాల్సింది అర్ధరాత్రికే అని ఎవరు చెప్పారో గానీ, ఏన్కూరు దాటి అడవిలోకి పోయే బాటలో మే నెల మధ్యాహ్నం వాళ్లెప్పుడూ నిలబడి ఉండరు. నిప్పులు చెరుగుతున్న ప్రచండ భానుడి కింద టేకు చెట్లు ఒక్క ఆకు లేకుండా మోడులై నిలిచాయి. పక్షి కూయదు... గాలి కదలదు... మనిషి నీడ మనిషి పాదాల కిందే నక్కి దాక్కునే ఘడియ అది. ఆ భయానక నిశ్శబ్దాన్ని చీల్చుకుంటూ, పాడుబడిన కలప డిపో దూలం మీద ఒక గుడ్లగూబ పట్టపగలే కూసింది!

డిపో లోపల పద్మాసనంలో కూర్చున్నవాడు కళ్లు తెరిచాడు. నుదుట రక్తవర్ణ కుంకుమ... మెడలో ఎముకల దండ... ఎదురుగా ఎర్రగుడ్డ మీద పళ్లికిలించిన మానవ కపాలం! దాని పక్కన ఒక గాజు సీసా. సీసాలో గుప్పెడు తెల్లని పొడి.

అతని పేరు మార్తాండం. ఏన్కూరు బస్సులాగే చోట పన్నెండేళ్లుగా నవలలు అద్దెకిచ్చే దుకాణం నడుపుతున్న మార్తాండమే! పుస్తకం తిరిగివ్వడానికొచ్చిన టీచర్లనీ నర్సులనీ "ఎలా ఉందమ్మా, ఏడిపించిందా?" అని ఆప్యాయంగా పలకరించే ఆ పెద్దమనిషే! ఆ ప్రశ్న ఎందుకు అడుగుతున్నాడో ఇన్నేళ్లలో ఒక్కరికీ అనుమానం రాలేదు. నవలలు చదివేవాళ్లకి ఎదుటి మనిషి మీద అనుమానం కాస్త తక్కువే.

తిరిగొచ్చిన ప్రతి పుస్తకాన్నీ అతను రెండు చేతులా అందుకునేవాడు. ముందు బొటనవేలితో చివరి పేజీలున్నాయో లేదో చూసుకునేవాడు. చివరి పేజీ చిరిగిన నవలని ఎవరూ అద్దెకి తీసుకోరు కదా! ఆ తర్వాత తలుపులు మూసి, ఒక్కొక్క కాగితాన్నే వెలుతురుకి పట్టి వెతికేవాడు. ఎక్కడైనా అక్షరం అలుక్కుపోయి, కాగితం ఉబ్బి గరుకెక్కి కనిపిస్తే చాలు... అతని నాలుక బయటికొచ్చేది! తాకించి, ఉప్పగా ఉందని తేల్చుకుని, ఆ చోటు బ్లేడుతో మెల్లగా గీకి సీసాలో రాల్చుకునేవాడు.

కన్నీటి ఉప్పు...! సొంత కష్టానికి కార్చిన కన్నీరు అతనికి పనికిరాదు. లేని మనిషి కోసం కార్చిన కన్నీరే కావాలి.

శిథిల తాళపత్రాల్లో అతను సంపాదించిన ఘోర విద్య అది. ఒక్క మరణానికి వేలమంది విలపిస్తే ఆ పోయింది సామాన్య ప్రేతం కాదు, మహాప్రేతం! కథలో పుట్టి కథలో చచ్చినదైనా సరే! దాన్ని కపాలంలో బంధించినవాడి మాటకి ఇక ఎదురుండదు. అయితే ఆ ప్రేతం దిగడానికి ఒక శరీరం కావాలి. అందరికంటే ఎక్కువగా దాని కోసం ఏడ్చిన శరీరం...! ప్రేతం కపాలంలోకి వెళ్లేటప్పుడు ఆ శరీరంలోని ప్రాణాన్ని కూడా లాక్కుపోతుంది. మిగిలేది పీనుగు.

ఆ శరీరం ఈ క్షణాన, తనంతట తానుగా, చంకలో పుస్తకం పెట్టుకుని, చెమటలు తుడుచుకుంటూ డిపో వైపు నడిచి వస్తోంది!

ఆమె పేరు గ్రేస్. అడవి అంచున ఉన్న తండాలో అంగన్‌వాడీ టీచరు. ఇంకా ముప్పై నిండలేదు. భర్త జయరాజ్ సత్తుపల్లి బొగ్గుగనిలో డంపర్ నడుపుతాడు, పదిహేను రోజులకోసారి ఇంటికొస్తాడు. మిగతా రోజుల్లో ఆమెకి తోడు హైమాదేవి నవలలు.

తోడంటే మామూలు తోడు కాదు. గ్రేస్‌కి పదకొండేళ్లప్పుడు తల్లి విశ్రాంతమ్మ జ్వరంతో పోయింది. ఇంటినిండా జనం గుండెలు బాదుకుంటుంటే ఆ పిల్ల కంట ఒక్క చుక్క రాలేదు. "రాయి" అన్నారు చుట్టాలు. ఆ రాయి పదకొండేళ్ల తర్వాత హైమాదేవి నవల ఒకటి చదువుతుండగా బద్దలైంది. పొద్దంతా ఏడ్చింది గ్రేస్. ఆ ఏడుపు నవలలోని మనిషి కోసమా, అమ్మ కోసమా అని అడిగితే ఆమె మాత్రం ఏం చెబుతుంది? ఆ రోజు నుంచి ఆమెకి దేవుడి మాట తర్వాత హైమాదేవి మాటే.

నిరుడు ఒక వారపత్రికలో హైమాదేవి కొత్త సీరియల్ మొదలైంది. పేరు 'శరావతి నవ్వలేదు'. శరావతి గోదావరి మీద పడవ నడిపే మనిషి. కడుపున పుట్టని ముగ్గురు పిల్లల్ని పెంచుతుంది. ఎవరికీ తల వంచదు. ఎవరి ముందూ నవ్వదు. మొత్తం నలభై రెండు వారాలు! గ్రేస్ వారం వారం, పుస్తకంగా కుట్టుకుంటానని చెప్పి మార్తాండం దగ్గరే పత్రిక కొని, ఆ పేజీలు జాగ్రత్తగా చింపి దాచుకునేది. గురువారం మధ్యాహ్నం పిల్లలు నిద్రపోయాక తండా ఆడవాళ్లు అంగన్‌వాడీ వరండాలో చేరి అడ్డాకులతో విస్తళ్లు కుడుతుంటే వాళ్లకి గొంతెత్తి చదివి వినిపించేది. వాళ్లు ఈనెపుల్లతో ఆకులు కుట్టేవాళ్లు. ఈమె దబ్బనంతో పేజీలు కుట్టేది.

ఆఖరి వారం శరావతి చనిపోయింది. వరద గోదావరిలో పడవ తిరగబడి...!

ఆ వారం పత్రికను ఇంటిదాకా తీసుకెళ్లే ఓపిక లేక గ్రేస్ మార్తాండం దుకాణం ముందు బల్ల మీదే కూర్చుని చదివింది. కొంగు తడిసి ముద్దయ్యేదాకా వెక్కి వెక్కి ఏడ్చింది. లోపలి చీకట్లోంచి రెండు కళ్లు ఆమెనే చూశాయి... "దొరికింది!" అనుకున్నాడు మార్తాండం.

అతను చూసింది అంతవరకే. తర్వాత జరిగింది అతనికి తెలియదు.

గురువారం ఆ చావు వినగానే వరండాలో ఆడవాళ్ల చేతులు ఆగిపోయాయి. అంగన్‌వాడీ ఆయా ముసలి ద్వాలి చేతిలోని విస్తరిని విసిరికొట్టింది.

"సచ్చుడేంది? గంత గట్టి మనిషి ఎట్ల సస్తది?"

"రాసిండ్రు గద అవ్వా..."

"రాస్తే రాసిండ్రు. నువ్వు కుట్టకు!"

గ్రేస్‌కి ప్రాణం లేచి వచ్చింది. అమ్మ అప్పుడు పోయింది, ఆపలేకపోయింది. ఈమెనైనా ఉంచుకోవచ్చు కదా! కానీ రాసినామెని అడగకుండా ఆ పని చేయడానికి చెయ్యి రాలేదు. పత్రిక చిరునామాకి ఉత్తరం రాసింది. ఇరవై రోజులకి కార్డు ముక్క వచ్చింది.

'గ్రేస్ గారికి, మీ ఉత్తరం చదివి నాకూ కన్నీళ్లు వచ్చాయి. పత్రికలో అచ్చయింది నా కథ. మీరు కుట్టుకున్న పుస్తకం మీది. అందులోని శరావతిని మీకు ఇచ్చేశాను. ఎలా చూసుకుంటారో మీ ఇష్టం. హైమాదేవి.'

కార్డు వచ్చిన గురువారం ద్వాలి ఆఖరి వారం పేజీల్ని పొయ్యిలో పెట్టి అందరికీ చాయ్ కాచింది. ఆమె చెబుతుంటే గ్రేస్ తెల్ల కాగితం మీద కొత్త ముగింపు రాసింది. 'శరావతి ఒడ్డుకు చేరింది. తెడ్డు ఇసుకలో గుచ్చి, కొంగు పిండుకుని, ఊరి వైపు నడిచింది.' ఆ కాగితాన్ని చివర పెట్టి, కార్డుని అట్ట లోపలివైపు అంటించి, దబ్బనంతో గట్టిగా కుట్టేసింది.

అదే పుస్తకం ఇప్పుడు ఆమె చంకలో ఉంది.

"హైమాదేవి గారు భద్రాచలం వెళ్తూ ఆదివారం మధ్యాహ్నం మన అడవిలో కాసేపు ఆగుతారట. నీ కుట్టు పుస్తకం సంగతి చెబితే చూడాలన్నారు. సంతకం పెడతారట!" అన్నాడు మార్తాండం మొన్న. ఆ ఒక్క మాటకి గ్రేస్ ఆదివారం ఆరాధన కూడా మానేసి బయల్దేరింది. దారిలో ద్వాలి ఎదురుపడి ఆపింది.

"గింత ఎండల ఏడికి వోతున్నవ్ టీచరమ్మా? చర్చికి వోలేదా?"

"శరావతిని రాసిన మేడం వస్తున్నది అవ్వా! పాత డిపో కాడ. గీ ఒక్క వారానికి దేవుడు ఏమనుకోడు."

"గా చంపినామేనా? ఎందుకు చంపినవని అడుగు. జల్దీ రా, మూడు కొట్టేలోపు రాకుంటే నేనే వస్త."

గ్రేస్ నవ్వుకుంటూ ముందుకు నడిచింది.

మార్తాండం పంచె సర్దుకుని గుమ్మంలో ఎదురొచ్చాడు. ఎముకల దండ చొక్కా కింద దాగింది. నుదుట బొట్టు చూసి పూజ చేసుకున్నాడేమో అనుకుంది గ్రేస్.

"మేడం వచ్చిండ్రా సారూ?"

"లోపల నడుం వాల్చారమ్మా. ఎండన పడి వచ్చావు, ముందీ మజ్జిగ తాగు."

గడగడా తాగేసింది. గ్లాసు కింద పెట్టబోయింది... వేళ్లు విడలేదు! మోకాళ్లు మడతపడ్డాయి. నేల మీద కూలబడి అరవబోతే నాలుక కదల్లేదు! కళ్లు మాత్రం చూస్తున్నాయి. చెవులు మాత్రం వింటున్నాయి. మార్తాండం చొక్కా విప్పి విసిరేశాడు. ఎముకల దండ కటకటమంది...! అప్పుడు కనిపించింది ఆమెకి, ఎర్రగుడ్డ మీద కపాలం!

యేసయ్యా...! గొంతు దాటని కేక అది.

"హైమాదేవి రాదు పిచ్చిదానా!" వికటంగా నవ్వాడు మార్తాండం. "ఆమె చంపినదాన్ని నేను రప్పిస్తున్నాను. నువ్వు దారివి. అంతే! ఏడువు. బాగా ఏడువు. నువ్వు ఎంత ఏడిస్తే అది అంత తొందరగా వస్తుంది!"

సీసా వంచి ఆమె చుట్టూ, తన చుట్టూ, కపాలం చుట్టూ ఒకే వలయంగా కన్నీటి ఉప్పు చల్లాడు. దుకాణంలో అద్దె పుస్తకాల కోసం ఆమె సంతకం పెట్టిన సభ్యత్వ కార్డుని కపాలం కింద ఉంచాడు. కుట్టు పుస్తకాన్ని అందుకున్నాడు. పన్నెండేళ్ల అలవాటు కొద్దీ బొటనవేలు చివరి పేజీల వైపు జారింది...

గుడ్లగూబ మళ్లీ కూసింది! కప్పు చిల్లులోంచి సూర్యకిరణం సూటిగా కపాలం నడినెత్తిన పడింది. పన్నెండు! ముహూర్తం దాటితే మళ్లీ ఏడాది ఆగాలి. బొటనవేలు ఆగిపోయింది. పుస్తకాన్ని అలాగే కపాలం ముందు పడేశాడు.

చివరి పేజీలు చూసుకోని పుస్తకం అతని చేతుల్లోంచి వెళ్లడం అదే మొదటిసారి. అదే ఆఖరు కూడా.

"ఓం హ్రీం... హ్రౌం... ప్రేతరూపిణీ! శరావతీ! ఆగచ్ఛ... ఆగచ్ఛ!"

మబ్బు తునక లేని ఆకాశంలో ఫెళఫెళమని ఉరిమింది! డిపో గోడలు అదిరాయి. ఎక్కడినుంచో చల్లటి వాసన... బురద వాసన, చేపల వాసన, తడిసిన తాళ్ల వాసన! గోదావరి అక్కడికి అరవై కిలోమీటర్లకు పైమాటే. ఆ ఎండుటడవిలో రెండు నెలలుగా ఒక వాగులోనూ చుక్క నీరు లేదు. అయినా గ్రేస్ జుట్టు చివరల్నుంచి నీళ్లు కారడం మొదలైంది... టప్... టప్... టప్!

గ్రేస్ లోపలికి ఎవరో దిగుతున్నారు. తన ప్రాణం ఒక మూలకి జరిగి చోటిస్తున్నట్టు ఆమెకి తెలుస్తోంది. జయరాజ్ ముఖం గుర్తొచ్చింది. గురువారం తన కోసం వరండాలో కూర్చునే ఆడవాళ్లు గుర్తొచ్చారు. చచ్చిపోతానేమోనని చెప్పలేనంత భయం వేసింది. అయితే దిగుతున్నది ఎవరో తెలిశాక, ఆ భయంలోనే, ఎందుకో ప్రాణం కుదుటపడింది. నలభై రెండు వారాలు ఇంట్లో మనిషిలా తిరిగిన మనిషి!

కూలబడిన దేహం నిటారుగా లేచి నిలబడింది. తల పైకెత్తింది. ఆ కళ్లు గ్రేస్ కళ్లు కావు.

"పేరు చెప్పు!" గర్జించాడు మార్తాండం.

"శరావతి." గొంతు బొంగురుగా, గాలికీ నీటికీ అరిచి అరిచి బండబారిన గొంతు.

"ఎక్కడి దానివి?"

"గోదారి దాన్ని."

"ఎలా చచ్చావు?"

టప్... టప్... నీటి చుక్కలు నేలను తాకాయి.

"చచ్చానని ఎవడన్నాడ్రా నీతో?" అంది శరావతి.

అని... నవ్వింది! నలభై రెండు వారాల్లో ఒక్కసారి కూడా నవ్వని శరావతి, పగలబడి నవ్వింది! దూలం మీది గుడ్లగూబ రెక్కలు టపటపలాడించుకుంటూ పారిపోయింది.

మార్తాండం బంధన మంత్రం చదివాడు. కపాలం కదల్లేదు. మళ్లీ చదివాడు. కదల్లేదు! ప్రేతబంధనం చచ్చినవాళ్ల మీదే పనిచేస్తుంది. అతను చుట్టూ వలయం గీసి, పిలిచి, ఎదురుగా నిలబెట్టుకున్నది బతికున్న మనిషిని! ఆ సంగతి అతనికింకా అర్థం కాలేదు. ప్రేతం మొండికేస్తోందనుకున్నాడు. తన సంచీలోంచి వారపత్రిక లాగాడు. దుకాణానికి వచ్చిన ఆఖరి వారం ప్రతి అది.

"నీ చావు మరిచావా? ఇదిగో, విను! నీ సృష్టికర్త రాసిన నీ మరణశాసనం!"

పెద్దగా చదవసాగాడు. "వరద నీళ్లు ముందుగా ఆమె పాదాలను అందుకున్నాయి..."

కాళ్ల కింద చల్లగా తగిలింది. ఉలిక్కిపడి చూశాడు. వరద శరావతి పాదాల్ని తాకనే లేదు. ఎర్రటి నీళ్లు సుడులు తిరుగుతున్నది తన పాదాల చుట్టూ!

ఆపేద్దామనుకున్నాడు. కళ్లు కాగితాన్ని వదల్లేదు! నోరు మూతపడలేదు! ఆరంభించిన మంత్రం ఆఖరు దాకా నడిచి తీరాలి. అది అతని శాస్త్రమే. ఆ అక్షరాల్లో ఒక చావు ఉంది. ఆ చావుకి ఒక మనిషి కావాలి. గ్రేస్ కుట్టిన పుస్తకంలో శరావతి దానికి దొరకదు. ఇక వలయంలో మిగిలింది ఎవరు? చదువుతున్నవాడే!

"మో... మోకాళ్లు దాటాయి... నడుముని చుట్టుకున్నాయి..."

"వద్దు!" అని అరవాలని ఉంది. అరుపుకి బదులు తర్వాతి వాక్యమే బయటికొస్తోంది! ఉప్పు వలయం గోడలా నిలబడి నీళ్లని బయటికి పోనివ్వడం లేదు. పన్నెండేళ్లు నాలుకతో రుచి చూసి, గీకి, కూడబెట్టుకున్న ఉప్పు!

"నన్ను రాసినామె నన్ను ఈ పిల్లకి ఇచ్చింది. ఈ పిల్ల నన్ను ఒడ్డుకి చేర్చింది. నన్ను పిలవడానికి మధ్యలో నువ్వెవడివిరా?" అంది శరావతి, కాలితో పుస్తకం అట్ట తెరుస్తూ. లోపల అంటించిన కార్డు ముక్క కనిపించింది. చివర పెన్నుతో రాసిన తెల్ల కాగితం గాలికి రెపరెపలాడింది. అప్పుడు అర్థమైంది మార్తాండానికి...!

"చేతులు పైకెత్తింది... గొంతు దాకా వచ్చిన నీళ్లు... ఆఖరి శ్వాస కోసం నోరు తె..."

ఆ వాక్యం పూర్తి కాలేదు. బుడబుడమంటూ శబ్దం మాత్రం కాసేపు వినిపించింది. తర్వాత అదీ ఆగిపోయింది. కపాలం నిలువునా రెండు చెక్కలైంది.

గ్రేస్‌కి ఆ తర్వాత లీలగా గుర్తున్నది ఒక్కటే. నీళ్ల చల్లదనం ఉన్న చెయ్యి ఒకటి ఆమె నుదుటి మీద జుట్టు వెనక్కి తోసింది. "ఎండ తగ్గాక నడువమ్మా" అని ఎవరో అన్నారు. విశ్రాంతమ్మ బతికుండగా స్కూలుకి సెలవు రోజుల్లో అలాగే అనేది.

మూడు దాటాక ద్వాలి కర్ర పట్టుకుని వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది. టీచరమ్మ గోడకి ఒరిగి ఊపిరి తీసుకుంటోంది, జుట్టు తడి. అంత దూరాన దుకాణం సారు వెల్లకిలా పడి ఉన్నాడు, నోటినిండా ఇసుక.

"మేడం రాలేదా బిడ్డా?"

"రాలే అవ్వా." గ్రేస్ ద్వాలి భుజం మీద తలపెట్టి ఏడ్చేసింది. "శరావతి వచ్చింది."

ద్వాలి పుస్తకాన్ని దుమ్ము దులిపి చంకలో పెట్టుకుని, రెండో చేత్తో గ్రేస్‌ని లేపింది.

మార్తాండాన్ని కోసి చూసిన డాక్టరు ఊపిరితిత్తుల నిండా నది నీళ్లున్నాయన్నాడు. ఎండిన అడవిలో నది నీళ్లని కాగితం మీద పెడితే నవ్వుతారని అందరూ కలిసి 'వడదెబ్బ' అని రాసుకున్నారు. అద్దె పుస్తకాల దుకాణం మళ్లీ తెరుచుకోలేదు.

గురువారం వచ్చింది. పిల్లలు నిద్రపోయారు. వరండాలో అడ్డాకుల గుట్ట చుట్టూ ఆడవాళ్లు చేరారు.

"ఆఖరుది మళ్ల చదువు టీచరమ్మా. ఒడ్డుకు వచ్చిన కాడినుంచి," అంది ద్వాలి.

గ్రేస్ చివరి కాగితం తీసింది. "శరావతి ఒడ్డుకు చేరింది. తెడ్డు ఇసుకలో గుచ్చి, కొంగు పిండుకుని, ఊరి వైపు నడిచింది..."

అక్కడితో ఆగాల్సిన గొంతు ఆగలేదు. కింద ఇంకో వరుస ఉంది! తన రాత కాదు. ద్వాలికి రాతే రాదు. తడికి సిరా అలుక్కుపోయిన అక్షరాలు...

"చానా దూరం నడిచాను తల్లులారా. కాసిని మంచినీళ్లు ఇప్పించండి."

ఈనెపుల్లలు ఆగాయి. ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. ద్వాలి మెల్లగా లేచింది. కుండలోంచి చల్లటి నీళ్లు చెంబు నిండా ముంచి, గుమ్మం బయట పెట్టి, వచ్చి తన చోట కూర్చుంది. మళ్లీ ఆకు చేతిలోకి తీసుకుంది. మిగతావాళ్లూ తీసుకున్నారు. గుమ్మం వైపు తల తిప్పకుండా కుడుతూనే ఉన్నారు, చెంబు నేల మీద తిరిగి పెట్టిన చప్పుడు వినపడేదాకా.

సాయంత్రం గ్రేస్ ఒక కార్డు రాసింది. చిరునామా హైమాదేవిది. 'మేడం, శరావతి మా దగ్గర బాగున్నది. మీరు రంది పడకుండ్రి.'